తాళం కన్నా ముందు లెక్క: విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో సూక్ష్మజీవుల, టాక్సిన్ల భద్రత

విశాఖపట్నంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఈ విద్యాసంవత్సరమే బయోసేఫ్టీ అధికారిగా బాధ్యత తీసుకున్న ఒక అధ్యాపకురాలు అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. వారి విభాగంలో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు రెండున్నాయి. చోటు చాలక వాటిలో ఒకటి కారిడార్‌లో ఉంది. ఆసుపత్రుల నుంచి ఏళ్ల తరబడి తెచ్చిన రోగకారక బాక్టీరియా ఐసొలేట్లు (రోగుల నమూనాల నుంచి వేరుచేసిన బాక్టీరియా), నాడీకణాల మీద ప్రయోగాలకు కొన్న టెట్రోడోటాక్సిన్ అనే విషం సీసాలు వాటిలో ఉన్నాయి. వేలిముద్రతో తెరుచుకునే తాళాలకు, సీసీ కెమెరాలకు కలిపి ఆరు లక్షల రూపాయల కొటేషన్ వచ్చింది, విభాగాధిపతి సంతకం చేయడానికి సిద్ధంగా ఉన్నారు. ఇవి పెడితే సరిపోతుందా, అసలు ముందుగా చేయవలసినదేమిటి అని వారి ప్రశ్న. ఈ ఊళ్లోనే ముప్పై ఏళ్లకు పైగా మైక్రోబయాలజీ బోధించి, అందులో చాలా కాలం సంస్థాగత జీవభద్రతా కమిటీలో, అంటే మనం ఐబీఎస్‌సీ అని పిలిచే కమిటీలో, పనిచేసి విరమించిన వాడిగా నాకు తెలిసినది చెబుతాను.

అమ్మా, ఆ కొటేషన్ మీద సంతకాన్ని ఒక నెల ఆపించండి. ఆ నెలలో ఫ్రీజర్లలో ఉన్న ప్రతి వయల్ (చిన్న సీసా) ఏమిటో, ఎవరిదో, ఎందుకు ఉందో రాయించండి. లోపల ఏముందో తెలియని పెట్టెకు ఎంత ఖరీదైన తాళం వేసినా, అందులోంచి ఒకటి పోయిన రోజున పోయిందని చెప్పగలిగే మనిషి ఉండడు. పోయిందని తెలియకపోతే కెమెరా దృశ్యాలను ఏ తేదీ నుంచి వెనక్కి తిప్పి చూడాలో కూడా తెలియదు.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నేను పనిచేస్తున్న చోట కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు. జనరేటరు ఉంది కాని డీజిల్ లేదు. బంకుల ముందు క్యూలు ఎంతెంత పొడవున సాగాయో ఆ వారం ఈ ఊళ్లో ఉన్నవారందరికీ గుర్తే. రెండో రోజుకు ఫ్రీజరు కింద నీళ్లు కారడం మొదలైతే, ఉన్న కొద్దిపాటి ఐసులో ఏవి కాపాడాలో, వేటిని వెంటనే ఆవిరి వేడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌కు పంపాలో తేల్చడానికి నేనూ ఇద్దరు స్కాలర్లూ అరలు బయటకు తీశాం. మూడో వంతు వయల్స్ మీద రాత చెదిరిపోయి ఉంది. చదవగలిగిన వాటిలో చాలావాటి మీద ఇంటి పేరు మొదటి అక్షరాలు, ఒక సంఖ్య తప్ప మరేమీ లేవు. ఆ అక్షరాలు ఎవరివని ఆరా తీస్తే, ఒకాయన ఉద్యోగరీత్యా విదేశాల్లో ఉన్నారు, ఒకావిడ పరిశోధన మానేసి బ్యాంకు ఉద్యోగంలో చేరారు, మరొకరు ఎవరో ఎవరికీ తెలియలేదు. ఆ వయల్స్‌లో ఉన్నది పెరుగులోంచి తీసిన లాక్టోబాసిల్లస్సో, మన్యం నుంచి వచ్చిన పశువుల రక్తనమూనాలోంచి వేరుచేసినదో చెప్పగలిగిన వారు ఆ భవనంలో లేరు. ఆ రాత్రి నాకు తుపాను కన్నా ఆ విషయమే ఎక్కువ భయం కలిగించింది.

అదే ఏడాది జులై 1న, మనకన్నా ఎన్నో రెట్లు వనరులున్న అమెరికాలో, బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల ప్రాంగణంలో ఒక పాత శీతల గదిని ఖాళీ చేస్తుంటే మశూచి వైరస్ పేరు రాసి ఉన్న ఆరు వయల్స్ బయటపడ్డాయి. అవి 1950ల నాటివి. పరీక్షిస్తే వాటిలో రెండింటిలో వైరస్ ఇంకా బతికే ఉంది. మశూచి వైరస్ ప్రపంచం మొత్తంలో రెండు చోట్లనే, అట్లాంటాలోనూ రష్యాలోని కోల్త్సొవోలోనూ, ఉండాలని దేశాలన్నీ ఒప్పుకుని అప్పటికి దశాబ్దాలు గడిచాయి. ఆ గదికి తాళం లేక కాదు, ఆ పెట్టె ఎవరి లెక్కలోనూ లేక అన్నేళ్లు అలా ఉండిపోయింది. విశ్వవిద్యాలయాల్లో అసలు బలహీనత ఇదేనని నా అభిప్రాయం. ఎవరికీ చెందని వయల్ కన్నా ప్రమాదకరమైనది ఫ్రీజర్లో మరొకటి లేదు.

లెక్క రాసే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. స్టోర్స్‌లో గాజుసామాను లెక్కపెట్టినట్టు బతికి ఉన్న సూక్ష్మజీవిని లెక్కపెట్టలేం. ఇరవై నిమిషాలకొకసారి రెండయ్యే ఈ-కోలై బాక్టీరియా కణం ఒక్కటి, పోషకాలు అందుతూ ఉంటే, పది గంటల్లో 107 కోట్లు దాటుతుంది. కనుక వయల్‌లో ఎన్ని మైక్రోలీటర్లు మిగిలాయో రాయడం వల్ల ప్రయోజనం లేదు. సూక్ష్మజీవులను తీసే సన్నటి తీగ, అంటే లూప్ అంచుకు అంటుకున్నంత తీసినా రిజిస్టరులో సంఖ్య మారదు. అందుచేత జీవుల విషయంలో రాయవలసినవి వేరు: ఏ జీవి, అందులో ఏ స్ట్రెయిన్ (ఉపరకం), ఎక్కడి నుంచి ఏ తేదీన వచ్చింది, ఎన్ని వయల్స్‌గా పంచారు, ఏ ఫ్రీజర్లో ఏ అరలో ఏ గడిలో ఉంది, దాన్ని తీయడానికి ఎవరికి అనుమతి ఉంది, తీసిన ప్రతిసారీ ఎవరు తీశారు, ఎందుకు తీశారు, పెంచిన ప్లేట్లు, ట్యూబులు చివరకు ఏమయ్యాయి. ఈ చివరి గడిని మన రిజిస్టర్లలో దాదాపు ఎవరూ ఉంచరు. వయల్ ఫ్రీజర్లో భద్రంగా ఉంటుంది, దాని సంతానం మాత్రం ఇన్‌క్యుబేటర్లో మూడు వారాలు ఎవరికీ పట్టకుండా పడి ఉంటుంది.

టాక్సిన్ల సంగతి ఇందుకు భిన్నం. అవి పెరగవు, కాబట్టి వాటిని బంగారం లెక్కన తూచి రాయవచ్చు, రాయాలి. మీ టెట్రోడోటాక్సిన్ ఎన్ని మిల్లీగ్రాములు కొన్నారు, ద్రావణం ఎప్పుడు ఎంత గాఢతతో చేశారు, ఒక్కో ప్రయోగానికి ఎంత వాడారు, ఎంత మిగలాలి, ఎంత మిగిలింది అన్నవి ఒకే వరుసలో కనబడాలి. తీసేటప్పుడు ఇద్దరుండి ఇద్దరూ సంతకం చేయాలి. ఒళ్లు బంతిలా ఉబ్బించుకునే పఫర్ చేపల్లో ఉండే విషమే ఇది కనుక, మన ఊరి ఫిషింగ్ హార్బర్‌లో వలలో పడే చేపల మీద పనిచేసే సముద్రజీవశాస్త్ర విభాగాల్లో కొన్న సీసాలే కాక, సొంతంగా తయారుచేసిన కణజాల సారాలు కూడా ఉండవచ్చు. వాటినీ ఇదే రిజిస్టరులోకి ఎక్కించండి. రసాయన ఆయుధాల ఒప్పందం మొదటి జాబితాలో రెండు జీవవిషాలున్నాయి. ఒకటి ఆముదం గింజల్లోని రైసిన్, రెండోది సముద్ర శైవలాల నుంచి ఆల్చిప్పల్లో చేరే సాక్సిటాక్సిన్. మన ప్రాంతపు పరిశోధనకు రెండూ దూరమైనవి కావు. వృక్షశాస్త్రం వారు, ఫార్మసీ వారు ఇది మైక్రోబయాలజీ వాళ్ల గొడవ అనుకుంటారు. ఒకసారి వారి దగ్గరకూ వెళ్లి కూర్చోండి.

ఇక్కడే మరో పొరపాటు గురించి హెచ్చరించాలి. పనికిరాని టాక్సిన్‌ను ఆటోక్లేవ్‌లో వేశాం, అయిపోయింది అని రాసి సంతకం చేసిన రిజిస్టర్లు నేను చూశాను. ప్రొటీన్ విషాలను ఆ వేడి చెడగొడుతుంది, కాని టెట్రోడోటాక్సిన్, సాక్సిటాక్సిన్, బూజు నుంచి వచ్చే టీ-2 వంటి చిన్న అణువులు ఆటోక్లేవ్‌లోంచి చెక్కుచెదరకుండా బయటకు వస్తాయి. వాటిని నిర్వీర్యం చేసే పద్ధతి ఒక్కో దానికి ఒక్కోటి. తయారీదారు ఇచ్చిన భద్రతా పత్రం చూసి, కమిటీ ఆమోదించిన పద్ధతిలోనే చేయించండి. జీవులకు ఆటోక్లేవే సరైనది, కాని 121 డిగ్రీలు చేరిందని మీటరు చూపించడం చాలదు. సంచి మధ్యలో జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ బీజాల సూచికను ఉంచి, అవి చచ్చాయని ఎప్పటికప్పుడు నిర్ధారించుకోవాలి.

లెక్క పూర్తయ్యాక ఎక్కువ భాగాన్ని తగ్గించమని చెబుతాను. మన వాళ్లకు పారేయడమంటే మనసొప్పదు, ఎప్పటికైనా పనికొస్తుందేమోనని ఇంట్లో దాచినట్టే ప్రయోగశాలలోనూ దాచుతారు. గుర్తుతెలియని వయల్‌ను తెరిచి ఏముందో చూద్దామన్న కుతూహలం ఏ స్కాలర్‌కూ కలగనివ్వకండి. తెరవకుండానే, ఇద్దరు సాక్షుల ముందు, నమోదు చేసి నాశనం చేయించండి. నిజంగా విలువైన స్ట్రెయిన్లను చండీగఢ్‌లోని ఎం.టి.సి.సి. వంటి జాతీయ భాండాగారంలో జమ చేయవచ్చు. ఏ ప్రమాద వర్గం (జీవి ఎంత ప్రమాదకరమో చెప్పే, ఒకటి నుంచి నాలుగు వరకు ఉండే శ్రేణి) వరకు స్వీకరిస్తారో ముందే కనుక్కుని పంపండి. మీ విభాగానికి ఇప్పుడు అవసరం లేని మూడో వర్గపు జీవి ఏదైనా బయటపడితే, అంటే దొమ్మరోగం (ఆంత్రాక్స్) కలిగించే బాసిల్లస్ ఆంత్రసిస్, మెలియాయిడోసిస్ కలిగించే బర్ఖోల్డేరియా సూడోమల్లై, బ్రూసెల్లా వంటివి కనబడితే, ఆ రోజే కమిటీ అధ్యక్షులకు రాతపూర్వకంగా తెలియజేయండి. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో దొమ్మరోగం అప్పుడప్పుడు తలెత్తడం మనకు కొత్త కాదు. ఆ రోగుల నమూనాలు చేరేది ఈ ఊరి ఆసుపత్రులకే. ఎవరూ కోరి తెచ్చుకోకపోయినా ఒక ఐసొలేట్ మీ ఫ్రీజర్లోకి చేరే దారి ఉందన్నమాట.

కొత్తవి పోగుపడకుండా ఉండాలంటే ఒకే ఒక్క కాగితం మార్చాలి. స్కాలర్ థీసిస్ సమర్పించి వెళ్లేటప్పుడు నో డ్యూస్ ఫారం పట్టుకుని గ్రంథాలయానికి, హాస్టల్‌కు, స్టోర్స్‌కు తిరుగుతాడు. రెండు వందల రూపాయల పుస్తకం తిరిగి రాకపోతే ఆ ఫారం ఆగిపోతుంది, కాని అతని పేరున ఉన్న రెండు వందల వయల్స్ గురించి అడిగే గడి అందులో లేదు. ఆ గడిని చేర్పించండి. వయల్స్ అన్నీ గైడ్‌కో మరో స్కాలర్‌కో పేరు మార్చి అప్పగించినట్టు, లేదా నాశనం చేసినట్టు బయోసేఫ్టీ అధికారి సంతకం లేనిదే వైవాకు తేదీ ఇవ్వకూడదని రిజిస్ట్రార్ కార్యాలయం చేత ఉత్తర్వు వేయించండి. గైడ్ పదవీ విరమణ చేసినప్పుడూ ఇదే నియమం వర్తించాలి. నేను విరమించిన రోజు శాలువా కప్పారు, దండ వేశారు, నా అరలో ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు. నేనే ముందు నెలంతా కూర్చుని జాబితా రాసి అప్పగించాను. అడగకపోవడాన్ని గౌరవమనుకోవడం మన విద్యాసంస్థల్లో పాతుకుపోయింది, దాన్ని మార్చవలసిన కుర్చీలో ఇప్పుడు మీరున్నారు.

మనుషుల విషయానికి వస్తాను. బయోసేఫ్టీ అంటే సూక్ష్మజీవి నుంచి మనిషిని కాపాడడం, బయోసెక్యూరిటీ అంటే దురుద్దేశమున్న మనిషి చేతిలో సూక్ష్మజీవి పడకుండా కాపాడడం. రెండోది మన దేశానికి సంబంధించినది కాదని అనేవారికి నేను పాకూరు కేసు గుర్తుచేస్తాను. 1933 నవంబరు 26న హౌరా రైల్వే స్టేషన్ రద్దీలో, ఇప్పటి జార్ఖండ్‌లోని పాకూరు జమీందారీ కుటుంబానికి చెందిన అమరేంద్ర చంద్ర పాండే అనే యువకుడి చేతికి ఎవరో ఏదో గుచ్చి వెళ్లిపోయారు. కొద్ది రోజుల్లోనే ఆయన చనిపోయాడు, రక్తంలో ప్లేగు బాక్టీరియా తేలింది. ఆస్తి కోసం సవతి అన్న ఒక వైద్యుడితో కలిసి చేయించిన హత్య అని న్యాయస్థానం తేల్చింది. ఆ వైద్యుడు ప్లేగుకు మందు పరీక్షిస్తానంటూ బొంబాయిలో ప్లేగు కల్చర్ (పెంచిన బాక్టీరియా) ఉన్న ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసే వీలు సంపాదించాడు. గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. సిఫారసుతో, పరిశోధన పేరుతో ముందు గుమ్మంలోంచే లోపలికి వెళ్లాడు. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ ఉత్తరాల వల్ల 22 మంది జబ్బుపడి ఐదుగురు చనిపోయినప్పుడు కూడా, ఏళ్ల దర్యాప్తు తరువాత అక్కడి న్యాయశాఖ వేలు చూపింది ఆ బాక్టీరియాతో పనిచేయడానికి పూర్తి అనుమతి ఉన్న ప్రభుత్వ శాస్త్రవేత్త వైపే. అభియోగం దాఖలు కాకముందే ఆయన మరణించారు.

దీని అర్థం మీ స్కాలర్లను అనుమానంతో చూడమని కాదు. ప్రమాదకరమైన జీవులున్న అరను తెరిచే అనుమతి పేరుపేరునా ఇవ్వండి, ఏడాదికొకసారి ఆ జాబితాను తిరగరాయండి, పని ముగిసిన వారి పేరు ఆ రోజే తీసేయండి. ఒకరి తాళంచెవి మరొకరు వాడుకోవడం ఎంత దగ్గరి స్నేహితులైనా కూడదని మొదటి రోజే చెప్పండి. అంతకన్నా ముఖ్యం, నెలల తరబడి ఫెలోషిప్ రాక, గైడ్‌తో మాట పడక, రాత్రిళ్లు ఒంటరిగా ప్రయోగశాలలో గడిపే విద్యార్థిని గమనించి పలకరించే పెద్దదిక్కు విభాగంలో ఉండాలి. వేలిముద్ర యంత్రం మనిషి గుండెలో ఏముందో చదవలేదు, పక్క బల్ల మీద పనిచేసే వాడు చదవగలడు.

బయటి వారు స్ట్రెయిన్ అడిగినప్పుడు లెటర్‌హెడ్ చూసి ఇవ్వకండి. 1995లో అమెరికాలో లారీ వేన్ హ్యారిస్ అనే వ్యక్తి లేని ప్రయోగశాల పేరున లెటర్‌హెడ్ ముద్రించుకుని ప్లేగు బాక్టీరియా వయల్స్‌ను తెప్పించుకోగలిగాడు; ఆ దేశం అటువంటి జీవుల బదిలీకి కఠినమైన నియమాలు చేసింది ఆ తరువాతే. అడిగిన వారి సంస్థలోని ఐబీఎస్‌సీకి మీరే ఫోన్ చేసి నిర్ధారించుకుని, బదిలీ ఒప్పందం రాసుకున్నాకనే పంపండి. చేరిందన్న రసీదు వచ్చేవరకు ఆ బాధ్యత మీదే. మూడు పొరల ప్యాకింగ్ లేకుండా, ఏ వర్గం నమూనానో తెలిపే యూఎన్ సంఖ్య (ప్రమాదకర సరుకులకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే సంఖ్య) లేకుండా, ఐసుడబ్బాలో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపే అలవాటు మన ఉత్తరాంధ్రలో ఇంకా ఉందని నాకు తెలుసు, దాన్ని మీ గేటు దగ్గరే ఆపండి. విదేశానికి పంపాలంటే ఎగుమతి నియంత్రణ ఉన్న వస్తువుల స్కోమెట్ జాబితాలోని రెండో విభాగం చూడాలి. అది పూర్తిగా సూక్ష్మజీవులకు, టాక్సిన్లకు సంబంధించినది, అందులో ఉన్నదానికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ లైసెన్సు తప్పదు. జీవవైవిధ్య చట్టం కింద అనుమతి సంగతి వేరే.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాలు, బయోటెక్నాలజీ విభాగపు 2017 నాటి మార్గదర్శకాలు, 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం, ఈ మూడింటినీ మీ బల్ల మీద ఉంచుకోండి. మూడో ప్రమాద వర్గంతో పని మీ ఐబీఎస్‌సీ ఆమోదంతో ఆగదు, బయోటెక్నాలజీ విభాగంలోని జన్యుమార్పు సమీక్షా కమిటీ అయిన ఆర్‌సీజీఎం వరకు వెళ్లాలి. కమిటీ సమావేశం కాగితాల మీద జరిపి అందరి ఇళ్లకు సంతకాలకు పంపే పద్ధతి మీ దగ్గర ఉంటే ఈసారి దాన్ని మానిపించి, సభ్యులను ఫ్రీజరు ముందు నిలబెట్టి సమావేశం జరపండి.

జాబితా తయారయ్యాక దాన్ని కాపాడడం కూడా భద్రతలో భాగమే. విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే మన విభాగాల్లో ఉత్సాహం కొద్దీ ఏ ఫ్రీజర్లో ఏ కల్చర్లు ఉన్నాయో రంగుల చార్టు గీసి కారిడార్‌లో వేలాడదీస్తారు, వెబ్‌సైటులో ఫొటోలు పెడతారు. తలుపు మీద బయోహజార్డ్ గుర్తు, భద్రతా స్థాయి, అత్యవసర ఫోన్ నంబరు ఉండాలి, అగ్నిమాపక సిబ్బందికి అవి అవసరం. జీవుల పేర్లు, అరల సంఖ్యలు ఉండకూడదు. రిజిస్టరు ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి సీలు చేసిన కవరులో రిజిస్ట్రార్ దగ్గర ఉంటే చాలు. రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్‌కు లోపల ఏముందో చెప్పనవసరం లేదు కాని, అలారం మోగితే ముగ్గురిలో ఎవరికి వరుసగా ఫోన్ చేయాలో, తాను తలుపు తెరవకూడదని, కింద పడి పగిలిన దేన్నీ ఊడవకూడదని అతనికి నేర్పాలి. అతనికి అర్థమయ్యే తెలుగులో రాసిన కాగితం గోడకు ఉండాలి.

లెక్క తప్పిన రోజు ఏం చేయాలన్నది ముందే రాసి ఉంచండి. ఒకసారి ఒక స్కాలర్ తన వయల్ ఒకటి కనబడక, తిడతారన్న భయంతో పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చివరకు అది పక్క గడిలోనే దొరికింది. దొరక్కపోయి ఉంటే ఆ పదకొండు రోజుల్లో మేం వెతకవలసిన జాడలన్నీ చెరిగిపోయేవి. అప్పటి నుంచి నేను పెట్టిన నియమం ఒక్కటే: వయల్ కనబడలేదని ఆ పూటే చెప్పిన వారికి ఏ శిక్షా ఉండదు, దాచిన వారికి మాత్రం ఉంటుంది. చెప్పిన గంటలో విభాగాధిపతికి, ఆ రోజు ముగిసేలోగా కమిటీకి, వెతికినా దొరకని పక్షంలో సంస్థ ద్వారా పోలీసులకు తెలియాలి. పరువు పోతుందని ఈ మూడో మెట్టు దగ్గర ఆగిపోయే పెద్దలు ప్రతి సంస్థలోనూ ఉంటారు కాబట్టి, ఉత్తర్వు వారి సంతకంతోనే ఉండేలా ఇప్పుడే చూడండి.

ఇదంతా అయ్యాక ఆ కొటేషన్ మళ్లీ తీయండి. జాబితా పూర్తయ్యేసరికి మీ రెండు ఫ్రీజర్లలో సరుకు బహుశా ఒకదానిలోకి వచ్చేస్తుంది, దాన్ని కారిడార్‌లోంచి తాళమున్న లోపలి గదిలోకి మార్చండి. ప్రమాదకరమైన జీవులకు, టాక్సిన్లకు అందులోనే విడిగా తాళం పడే అర చేయించండి. ఈ ఊరి ఉప్పుగాలికి మామూలు ఇనుప తాళం రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది కనుక స్టీలుదే అడగండి. వేలిముద్ర యంత్రం ఆ గది తలుపుకు ఒక్కదానికి చాలు. కరెంటు లేనప్పుడు అది తలుపును తెరిచి వదిలేస్తుందో, మూసి ఉంచుతుందో, లోపలున్న వారు ఎలా బయటపడతారో సరఫరాదారు చేత రాయించుకోండి. కెమెరాలు తగ్గించి, మిగిలిన డబ్బుతో ఉష్ణోగ్రత పెరిగితే ఫోన్‌కు సందేశం పంపే అలారం, జనరేటరుకు మూడు రోజుల డీజిల్ నిల్వ కొనిపించండి. అక్టోబరు, నవంబరు తుపాన్లు రాకముందే ఆ డీజిల్ డ్రమ్ముల మీద తేదీ వేసి, ఒక ఆదివారం మెయిన్ ఆపించి జనరేటరు నిజంగా పనిచేస్తోందో లేదో మీరే నిలబడి చూడండి.